కుండీ అడుగున గులకరాళ్లు

విశాఖ ఆటోనగర్‌లో పాత డ్రమ్మును సగానికి కోయించి అడుగున నాలుగు బెజ్జాలు వేయించుకుంటే, మిద్దె మీద నిమ్మచెట్టుకు తొట్టి సిద్ధం. ఆ బెజ్జాల మీద ఏం పరచాలన్నదే పాత తగువు. మన పెద్దలు కుండ పెంకులతో మూసి, పైన దోసెడు గులకరాళ్లు పోసేవారు. నీళ్లు చకచకా దిగిపోతాయని నమ్మకం. మట్టి ఆ నమ్మకానికి ఒప్పుకోదు.

ఎందుకో తెలియడానికి దారి చూపినవాడు ఎడ్గార్ బకింగ్‌హామ్ అనే భౌతిక శాస్త్రవేత్త. అమెరికా నేలల విభాగంలో ఆయన చేసిన పని 1907లో అచ్చయింది. మట్టిరేణువుల మధ్య సన్నని సందులు నీటిని పట్టి లాగుతాయి, ఆ లాగుడుకు ఒక కొలత ఉంటుందని చూపాడు. రాళ్ల మధ్య సందులు పెద్దవి, లాగుడు తక్కువ. అందుకే పై మట్టి అడుగు భాగం పూర్తిగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. పన్నెండు అంగుళాల కుండీలో మూడంగుళాల రాళ్లు పోస్తే, బురద పొర ఆ మూడంగుళాలూ పైకి జరిగి వేళ్ల దగ్గరకొస్తుంది. మేలు చేయబోయి వేళ్ల చోటే తగ్గించామన్నమాట!

రాళ్లకు బదులు ఇప్పుడు నర్సరీల్లో అమ్మే, బట్టీలో పొంగించిన తేలికపాటి మట్టిగోళీలది మరో కథ. కాన్సాస్ సిటీ ఇటుకల తయారీదారు స్టీఫెన్ హేడ్, కొన్ని ఇటుకలు బట్టీలో పొంగి పాడవడం గమనించాడు. ఆ పొంగునే పనికి పెట్టి 1918లో పేటెంటు పొందాడు. అలా పొంగించిన రాతితో చేసిన తేలిక కాంక్రీటుతో 1919లో ‘సెల్మా’ అనే ఓడనే కట్టారు. రేవు ఊరివాళ్లకు నచ్చే సంగతి ఇది. కానీ ఓడను తేల్చిన గుణం కుండీ అడుగున అక్కరకు రాదు. ఆ గోళీలను మట్టిలో కలిపితేనే గాలి ఆడుతుంది. కోనసీమలో పీచు తీశాక మిగిలే కొబ్బరి పొట్టు, ముతక ఇసుకతో కలిపితే ఖర్చు తక్కువలో దాదాపు అదే పని చేస్తుంది.

ఇక డ్రమ్ము లోపల పరిచే పొర సంగతి. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టిన పాలిథిన్, ఇనుప డ్రమ్ము పక్కలకు అడ్డం పెడితే తడి తగలక తుప్పు నెమ్మదిస్తుంది. అడుగున పరిస్తే మాత్రం బెజ్జాలు మూసుకుపోతాయి. అక్కడ దోమతెర ముక్క చాలు. అది మట్టిని ఆపుతుంది, నీటిని పోనిస్తుంది. డ్రమ్ము కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేయాలి, లేకపోతే బెజ్జాలు నేలకు అతుక్కుని నీరు నిలిచిపోతుంది.