రోడ్డు కింద చరిత్ర: బెజవాడ గుహలు, మెట్రో, చట్టం

విజయవాడలో ఇంద్రకీలాద్రి దిగువన ఉన్న అక్కన్న మాదన్న గుహలు రాతిని తొలిచి చేసినవి. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులుగా పనిచేసిన అన్నదమ్ముల పేరు వీటికి స్థిరపడింది. గుహలు మాత్రం వాళ్లకంటే దాదాపు వెయ్యేళ్లు పాతవి. 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ ఇదే కొండ పక్కగా, కృష్ణా నది అంచున సాగుతుంది. మొగల్రాజపురం గుహలైతే ఇప్పుడు ఇళ్ల మధ్యే ఉన్నాయి. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గన్నవరం, పెనమలూరు వైపు మెట్రో ప్రతిపాదన కూడా ఉంది. మరి కొత్త దారి, పాత కట్టడం ఎదురుపడితే ఏం చేయాలి?

మూడు దారులు

మొదటిది తప్పుకుని వెళ్లడం. రూటు గీసేటప్పుడే సర్వే చేయిస్తే ఖర్చు, గొడవ రెండూ తగ్గుతాయి.

రెండోది దొరికినచోటే చూపించడం. ఏథెన్స్‌లోని సింటగ్మా మెట్రో స్టేషన్‌లో తవ్వకాల్లో దొరికిన వస్తువులను, మట్టి పొరలను అద్దాల వెనుక ఉంచారు. రైలెక్కే జనం రోజూ చూస్తారు.

మూడోది జాగ్రత్తగా తరలించడం. నాగార్జునసాగర్ కట్టినప్పుడు మునిగిపోయే నాగార్జునకొండ కట్టడాలు కొన్నింటిని పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

ఇస్తాంబుల్‌లో మర్మరే రైలు కోసం యెనికపి దగ్గర తవ్వితే బైజాంటైన్ కాలపు ఓడరేవు, 37 ఓడల శిథిలాలు బయటపడ్డాయి. పని ఏళ్ల తరబడి ఆలస్యమైంది. అయినా ఓడలను పైకి తీశారు, రైలు కూడా 2013లో నడిచింది. రెండూ సాధ్యమేనని ఆ నగరం చూపించింది.

చట్టం ఏం చెబుతోంది?

1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే కట్టాలి. ఈ పరిధిలో స్థలం కొనేవాళ్లు బయానా ఇవ్వకముందే ఈ సంగతి విచారించుకోవడం మంచిది.

పునాది తవ్వుతుంటే పాత నాణేలో, నగలో దొరికితే దాచుకోకూడదు. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం వాటి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే శిక్ష ఉంటుంది.

పాత మసీదు, దర్గా, ఖబరస్తాన్ అన్నీ కేంద్రం రక్షిత జాబితాలో ఉండవు. అందుకే వక్ఫ్ రికార్డులు, సర్వే నంబర్లు, ఫొటోలు మహల్లా పెద్దల దగ్గర సిద్ధంగా ఉండాలి. రూటు ఖరారయ్యాక అభ్యంతరం చెప్పడం కంటే, సర్వే దశలోనే కాగితాలు చూపిస్తే మాట చెల్లుతుంది.