రేసింగ్ సిమ్యులేటర్ మోడింగ్‌లో గాలి లెక్క: ఒక పరిణామ చరిత్ర

రేసింగ్ సిమ్యులేటర్ ఆటకు కొత్త కారును తయారుచేసి చేర్చడాన్ని మోడింగ్ అనీ, ఆ పని చేసే ఔత్సాహికులను మోడర్లు అనీ అంటారు. ఈ పనిలో కారు రూపం కంటికి కనిపిస్తుంది. కనిపించకుండా కారు నడకను నిర్ణయించే అంశాల్లో అత్యంత క్లిష్టమైన వాటిలో గాలి లెక్క ఒకటి. పరుగెత్తే కారును ఎదురుగా అడ్డుకునే గాలి బలాన్ని డ్రాగ్ అనీ, రెక్కలూ అడుగు భాగమూ కలిసి కారును నేలకు అదిమే బలాన్ని డౌన్‌ఫోర్స్ అనీ పిలుస్తారు. గాలి సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతోనూ, వైశాల్యంతోనూ, ఆకారాన్ని బట్టి మారే ఒక గుణకంతోనూ గుణిస్తే ఈ బలాలు తెలుస్తాయి. వైశాల్యం, గుణకాల లబ్ధం 3 చదరపు మీటర్లుగా ఉన్న కారు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని మీద సుమారు 470 కిలోల బరువుతో సమానమైన డౌన్‌ఫోర్స్ పడుతుంది. వేగం 90కి తగ్గితే అది నాలుగో వంతుకు, అంటే 117 కిలోలకు పడిపోతుంది. సూత్రం ఇంత సరళమైనదే అయినా, అందులోని గుణకం స్థిరంగా ఉండదు. కారు నేలకు ఎంత దగ్గరగా ఉంది, ముక్కు ఎంత వంగింది, పక్కకు ఎంత జారింది అన్నదాన్ని బట్టి అది క్షణక్షణం మారుతుంది. ఆ మార్పును ఎంత నమ్మకంగా పట్టుకోగలిగారన్నదే ఈ కళ చరిత్ర.

తొలి దశలో ఈ లెక్క ఆట ప్రోగ్రాము లోపలే దాగి ఉండేది. పాపిరస్ సంస్థ 1989లో తెచ్చిన ‘ఇండియానాపొలిస్ 500: ది సిమ్యులేషన్’, జెఫ్ క్రామండ్ 1991లో రూపొందించిన ‘ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి’ వంటి ఆటలు రెక్క కోణాన్ని మార్చుకునే వీలును ఆటగాడికి ఇచ్చాయి. కోణం పెంచితే మలుపుల్లో పట్టు పెరిగి, తిన్నని దారిలో వేగం తగ్గుతుందన్న బేరం ఎందరికో అప్పుడే తెలిసింది. అయితే ఆ బేరం వెనుక ఉన్న అంకెలను మార్చాలంటే ప్రోగ్రాము ఫైలులోని సంఖ్యలను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని దిద్దవలసి వచ్చేది. పాపిరస్ 1998లో విడుదల చేసిన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ సిమ్యులేటర్లకు కొత్త ప్రమాణాన్ని నెలకొల్పినా, అది ఎంచుకున్న 1967 నాటి ఫార్ములా వన్ కార్లకు రెక్కలే లేవు. ఫార్ములా వన్‌లోకి రెక్కలు వచ్చింది 1968లో.

అసలు మలుపు ఇమేజ్ స్పేస్ ఇన్‌కార్పొరేటెడ్ సంస్థ వల్ల వచ్చింది. ఆ సంస్థ ఈఏ స్పోర్ట్స్ కోసం చేసిన ‘ఎఫ్1 2002’ వంటి ఆటల్లోనూ, 2005లో స్వయంగా విడుదల చేసిన ‘ఆర్‌ఫ్యాక్టర్’లోనూ కారు భౌతిక స్వభావమంతా ఎవరైనా తెరిచి చదవగల మామూలు పాఠ్య ఫైళ్లలో ఉండేది. ‘ఎఫ్1 2002’కు మోడ్ తయారుచేసిన బృందమే తర్వాత సిమ్‌బిన్ అనే సంస్థగా ఎదిగి, ‘జీటీఆర్’ ఆటలను నిర్మించిందంటే ఆ బహిరంగత ఎంత సత్తువ ఇచ్చిందో తెలుస్తుంది.

ఆ ఫైళ్లలో హెచ్‌డీవీ అని పిలిచేదానిలో ముందు రెక్క, వెనుక రెక్క, కారు దేహం, డిఫ్యూజర్ అనేవి వేర్వేరు విభాగాలు. డిఫ్యూజర్ అంటే కారు అడుగున వెనుక వైపు పైకి తెరుచుకునే గాలి మార్గం. అడుగు భాగంలో పీడనం తగ్గడానికి అది తోడ్పడుతుంది. రెక్కకు ఒక మూల విలువ, కోణం ఒక్కో మెట్టు మారినకొద్దీ కలిసే విలువ, ఆ పెరుగుదలను వంపు తిప్పే మరో విలువ ఉంటాయి. నేల నుంచి ఎత్తును బట్టీ, పక్కకు జారడాన్ని బట్టీ బలం ఎలా మారాలో చెప్పే పద్దులు కూడా ఉంటాయి. డిఫ్యూజర్ విభాగంలో కారు ముందు భాగం ఎత్తుకూ, వెనుక భాగం దానికన్నా ఎంత పైకి ఉందో తెలిపే వాలుకూ, అడుగున గాలి ప్రవాహం విరిగి బలం పడిపోయే స్టాల్ అనే స్థితికీ వేర్వేరు స్థానాలు ఇచ్చారు. ఈ ఏర్పాటు వల్ల మోడర్ తొలిసారిగా గాలి బలం ఎంత అన్న ప్రశ్నతోపాటు అది కారులో ఎక్కడ పనిచేస్తుందన్న ప్రశ్నను కూడా ఎదుర్కొన్నాడు. మొత్తం డౌన్‌ఫోర్స్ సరిగ్గా ఉన్నా, దాని కేంద్రం కాస్త ముందుకు జరిగితే వేగవంతమైన మలుపులో కారు వెనుక భాగం పట్టు తప్పుతుంది.

అయినా కొద్దిపాటి గుణకాలతో గీసిన వంపు మామూలు పరిస్థితులకు సరిపోతుందేగాని విపరీత స్థితులను చూపలేదు. 1999 లె మాన్స్ రేసు వారంలో మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లు మూడుసార్లు గాలిలోకి లేచి పల్టీ కొట్టాయి. ముక్కు కొంత పైకి లేవగానే, అప్పటిదాకా నేలకు అదిమిన గాలే అడుగున దూరి కారును ఎత్తివేసింది. బలం దిశ తారుమారయ్యే ఈ ప్రవర్తనను చూపాలంటే, గాలి వచ్చే దిశకూ కారు తలానికీ మధ్య కోణం మారినకొద్దీ గుణకం ఎలా మారుతుందో పూర్తిగా తెలిపే పట్టిక కావాలి.

ఇటలీకి చెందిన కునోస్ సిములాజియోనీ 2014లో పూర్తి రూపంలో విడుదల చేసిన ‘అసెట్టో కోర్సా’ ఆ పట్టికలను మోడర్ చేతికిచ్చింది. అందులోని గాలి ఫైలు కారును కొన్ని రెక్కల సముదాయంగా చూస్తుంది. కారు దేహం కూడా ఒక రెక్కగానే నమోదవుతుంది. ప్రతి రెక్కకూ పొడవు, వెడల్పు, గురుత్వ కేంద్రం నుంచి దాని స్థానం ఇచ్చి, కోణాన్ని బట్టి లిఫ్ట్ (నిలువు బలం) గుణకాన్నీ డ్రాగ్ గుణకాన్నీ తెలిపే పట్టికలను వేర్వేరు ఫైళ్లుగా జతచేస్తారు. నేల నుంచి ఎత్తుకు మరో పట్టిక ఉంటుంది. వేగం, బ్రేకు వంటి సంకేతాలను బట్టి రెక్క కోణాన్ని మార్చే నియంత్రికలు ఉండటంతో, నడుస్తూనే రెక్కను కదిలించే కార్లకు కూడా చోటు దొరికింది.

పట్టిక వచ్చాక దాన్ని దేనితో నింపాలన్న ప్రశ్న పెద్దదైంది. విమాన రెక్కల కొలతలతో అబట్, ఫాన్ డోన్‌హాఫ్ 1949లో ప్రచురించిన గ్రంథం, ఎంఐటీలో మార్క్ డ్రేలా 1986లో రాసిన ‘ఎక్స్‌ఫాయిల్’ ప్రోగ్రాము, రేసు కార్ల వాయుగతి శాస్త్రంపై జోసెఫ్ కాట్జ్ 1995లో వెలువరించిన పుస్తకం అందరికీ అందుబాటులో ఉన్న ఆధారాలు. 2004లో ‘ఓపెన్‌ఫోమ్’ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలవడంతో, కారు ఆకారం చుట్టూ గాలి ప్రవాహాన్ని కంప్యూటరులో లెక్కగట్టే పద్ధతి ఔత్సాహికుల ఇళ్లకూ చేరింది. ఏ ఆధారమూ లేనప్పుడు అసలు కారు గరిష్ఠ వేగమే సాక్ష్యంగా నిలుస్తుంది. చక్రాల దగ్గర 450 కిలోవాట్ల శక్తి ఉన్న కారు గంటకు 324 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే, చక్రాల నిరోధాన్ని పక్కనపెట్టి లెక్కించినప్పుడు దాని డ్రాగ్ గుణకం, వైశాల్యాల లబ్ధం దాదాపు 1 చదరపు మీటరు అని తేలుతుంది. ఇందుకు భిన్నంగా, ల్యాపు సమయం అసలు కారుతో కలిసేదాకా డౌన్‌ఫోర్స్‌ను పెంచుతూ పోయే అలవాటు హానికరం. అది టైరు నమూనాలోని లోపాన్ని గాలి లెక్క కింద కప్పిపెడుతుంది.

పట్టికల పద్ధతికి కూడా హద్దులున్నాయని 2022 స్పష్టం చేసింది. లోటస్ 78 కారు 1977లో పరిచయం చేసి, 1983 నిబంధనలు తొలగించిన గ్రౌండ్ ఎఫెక్ట్, అంటే అడుగున మలిచిన సొరంగాల ద్వారా కారును నేలకు పీల్చే విధానం, ఆ ఏడాది ఫార్ములా వన్‌కు తిరిగివచ్చింది. దానితోపాటే పోర్పాయిసింగ్ అనే ఊగిసలాట కూడా వచ్చింది: డౌన్‌ఫోర్స్ కారును కిందికి లాగుతుంది, మరీ దగ్గరైతే ప్రవాహం విరుగుతుంది, కారు పైకి లేస్తుంది, మళ్లీ పీల్చబడుతుంది. ఈ క్షణపు ఎత్తును మాత్రమే చూసే పట్టిక, గాలి ప్రవాహం విరిగి మళ్లీ కుదురుకోవడానికి పట్టే జాప్యాన్ని తనంతట తాను చెప్పలేదు. ముందు కారు చెదరగొట్టిన గాలి కథా అంతే. అంతకుముందరి కార్లు పది మీటర్ల వెనుక 46 శాతం డౌన్‌ఫోర్స్ కోల్పోయేవనీ, కొత్తవి 18 శాతమే కోల్పోతాయనీ ఫార్ములా వన్ నిర్వాహకులు చెప్పిన తేడాను కారు ఫైలు ఒక్కటే మోయలేదు.

మూడున్నర దశాబ్దాల ఈ పరిణామంలో ఒక అంకె వంపుగానూ, వంపు పట్టికగానూ విస్తరించింది. ఇకపై కాలంతో మారే ప్రవాహాన్ని పట్టుకునే దిశగా సాగవలసి ఉంది. ఈ ప్రగతికి కంప్యూటరు వేగం ఎంత కారణమో, ఫైలు తెరిచి ఉండటం అంతకన్నా ఎక్కువ కారణం. చదవగలిగినందువల్లే ఒకరి అంకెను మరొకరు ప్రశ్నించగలిగారు, ప్రశ్నించినందువల్లే ఆధారం చూపే సంప్రదాయం పుట్టింది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు వెలుపల ఇంతమంది ఔత్సాహికులు వాయుగతి శాస్త్రాన్ని స్వయంగా అభ్యసించిన సందర్భాలు అరుదు. అందువల్ల రాబోయే సిమ్యులేటర్లు ఎంత సూక్ష్మమైన లెక్కను చేపట్టినా, ఆ లెక్కను మోడర్ చదివి, పరీక్షించి, దిద్దగలిగేలా ఉంచడమే ఈ విద్య కొనసాగడానికి ముఖ్యమైన షరతు.