నీలిబట్టకు పేరు తెచ్చింది ఎవరు?
(ముత్తియాల్‌పేట మగ్గాల నుంచి సెనెగల్ నది దాకా)

బట్ట విలువ ఫౌజీకి ఎవరూ నేర్పక్కర్లేదు. కిట్ ఇష్యూ అయిన రోజున మనం బట్టను వేళ్ళ మధ్య నలిపి చూస్తాం, కుట్టు లాగి చూస్తాం, "ఇది పాత స్టాకా, కొత్త స్టాకా?" అని స్టోర్ కీపర్ని అడుగుతాం. పాత స్టాకే గట్టిదని మనలో చాలామంది నమ్మకం. మద్రాసు బిన్నీ మిల్లు ఖాకీ డ్రిల్ మాట వస్తే మన సీనియర్లు ఇప్పటికీ దాన్ని మెచ్చుకోకుండా ఉండలేరు. ఆ మిల్లు 1996లో మూతపడింది, పేరు మాత్రం మిగిలింది.

వేట దుస్తుల సంగతీ ఇంతే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు రోజులు పోయాయి గాని, ఇంగ్లండులో మైనం పూసిన వేట కోట్లకు నేటికీ గిరాకీ ఉంది. 1894లో మొదలైన బార్బర్ కంపెనీ కోటు ఒకప్పుడు వానలో, బురదలో పనిచేసేవాళ్ళ కోటు. తర్వాత వేటగాళ్ళది అయింది, ఆ తర్వాత పట్నంలో షోకుగా తొడుక్కునేది అయింది. కొనేవాడు మారేకొద్దీ పేరుకు అర్థం కూడా మారుతుంది. మరి ఆ పేరును మొదట సంపాదించి పెట్టింది ఎవరు? చివరికి దాని ఫలం అనుభవించింది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు కోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. మన పక్కనే ఉన్న పుదుచ్చేరి చరిత్రలోనే అది ఉంది.

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన ముత్తియాల్‌పేట ఉంది. తెలుగు చెవికి అది "ముత్యాల పేట" అనే వినిపిస్తుంది. ఊరి చుట్టూ ఉన్న ఇలాంటి పేటలు ఒకప్పుడు మగ్గాల మీద బతికినవే. 1674లో ఫ్రాన్స్వా మార్తాన్ పుదుచ్చేరిలో ఫ్రెంచివారి స్థావరం నెలకొల్పింది ముఖ్యంగా బట్టల వ్యాపారం కోసమే. డూప్లే దొర దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై తమిళంలో రాసుకున్న డైరీ తిరగేస్తే యుద్ధాల కబుర్లతో పాటు బట్టల కాంట్రాక్టులు, వర్తకుల బేరాలు కూడా కనిపిస్తాయి. మన కస్తూరి రంగకవి "ఆనందరంగరాట్ఛందము" అనే తెలుగు గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈయనకే. ఆ కాలపు పుదుచ్చేరిలో తెలుగు మాటకు, తెలుగు వర్తకుడికి చోటుండేదని దీన్నిబట్టి తెలుస్తుంది. గోదావరి ఒడ్డున మన యానాం కూడా ఫ్రెంచివారికి బట్ట సమకూర్చిన రేవే.

ఈ బట్టల్లో ఒకటి ప్రపంచంలో ఎంతో దూరం పోయింది. ముదురు నీలిరంగు వేసిన నూలు బట్ట అది. ఒక్కో తాను సుమారు 15, 16 మీటర్లు ఉండేది. ఆఫ్రికా పడమటి తీరమైన గినీకి పోయే సరుకు కాబట్టి ఫ్రెంచివారు దాన్ని "గినే" అన్నారు, మనం గినీ బట్ట అనుకుందాం. పుదుచ్చేరి నుంచి ఓడల్లో ఫ్రాన్సు రేవులకు, అక్కడి నుంచి సెనెగల్‌లోని సెయింట్ లూయీకి చేరేది. ఒక చేదు నిజం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ తీరంలో మనుషుల్ని బానిసలుగా కొన్నప్పుడు చెల్లించిన సరుకుల్లో ఈ నీలిబట్ట కూడా ఉంది. మన నేతగాడికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. ఓడల వర్తకుడికి మాత్రం బాగా తెలుసు.

బానిస వ్యాపారం తగ్గిన తర్వాత గినీ బట్ట గిరాకీ ఇంకా పెరిగింది. కారణం తుమ్మజిగురు. సెనెగల్ నదికి ఉత్తరాన ఎడారి అంచున ఉన్న మూర్ తెగలు ఈ జిగురు సేకరించి నది ఒడ్డు సంతలకు తెచ్చేవారు. ఐరోపాలో బట్టల మీద రంగులు అద్దడానికి ఆ జిగురు కావాలి. దానికి బదులుగా మూర్లు అడిగింది నీలిబట్ట. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఆ సంతల్లో లెక్కంతా తానుల్లోనే నడిచింది. అంటే మన బట్ట అక్కడ రూపాయి లాగా చెలామణి అయింది!

మరి వాళ్ళు పుదుచ్చేరి బట్టనే ఎందుకు కోరారు? నీలిమందు పని తీరు చూస్తే అర్థమవుతుంది. నీలి ఆకును నానబెట్టి, పులియబెట్టి, ఆ నీళ్ళను బాగా చిలికితే రంగు అడుగున పేరుకుంటుంది. మన కడప జిల్లా నీలిమందు కూడా ఒకప్పుడు పేరున్న సరుకే. రంగు తొట్టిలో ముంచి తీసిన బట్ట మొదట పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలంగా మారుతుంది. మళ్ళీ ముంచాలి, మళ్ళీ ఆరబెట్టాలి. ఇలా ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు రంగు వస్తుంది. అంత రంగు పట్టిన బట్టకు ఒక వాసన, ఒక మెరుపు వస్తాయి. కట్టుకున్నవాడి ఒంటికి కూడా నీలం అంటుకుంటుంది. మనమైతే "రంగు పోతోంది" అని షాపువాడితో పోట్లాడతాం. ఎడారివాసికి మాత్రం అదే అసలు సరుకుకు గుర్తు, ఒంటికి అందం.

యుద్ధాలు ముగిసి 1816, 1817లలో పుదుచ్చేరి, సెయింట్ లూయీ రెండూ మళ్ళీ ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. తర్వాత ఫ్రాన్సులోని రువాన్ మిల్లులవారు నకలు బట్ట చేసి పంపారు. ఇంగ్లీషు మిల్లులూ పంపాయి. ధర తక్కువ, కొలతలు సరిగ్గానే ఉన్నాయి. అయినా మూర్ బేరగాడు బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, చేత్తో తడిమి, పక్కన పడేసేవాడు. అతనికి ఫ్రెంచి చదవడం రాదు, చీటీలతో పనిలేదు. అతని ముక్కు, వేళ్ళే ఇన్‌స్పెక్షన్ టీం.

అంత నమ్మకం ఉన్నచోటే మోసానికీ సందు దొరుకుతుంది. పేరుంది కదా, ఎలా ఉన్నా కొంటారులే అనుకున్నారు కొందరు వర్తకులు. తాను పొడవు తగ్గింది, నేత పల్చబడింది. మన గోదావరి, విశాఖ జిల్లాల్లో బట్ట నాణ్యతను పుంజాల్లో లెక్కపెట్టేవారు. పుంజం అంటే పడుగులో 120 పోగులు. ఒకటి రెండు పుంజాలు తగ్గించి గంజి దట్టంగా పెడితే దుకాణంలో తేడా కనపడదు, ఒక్క ఉతుకుతో బయటపడుతుంది. గినీ బట్టకూ ఇదే గతి పట్టింది. సెనెగల్ నుంచి ఫిర్యాదులు వచ్చాయి. చివరికి 1843లో ఫ్రెంచి ప్రభుత్వం రాజాజ్ఞ తెచ్చింది. తాను పొడవు, వెడల్పు, బరువు ఇంత ఉండాలని, పుదుచ్చేరిలోనే పరీక్ష చేసి ముద్ర వేయాలని, ముద్ర లేని బట్ట సెనెగల్‌లో చెల్లదని దాని సారాంశం. మన స్టోర్లలో ఇన్‌స్పెక్షన్ నోటు లేని సరుకు తీసుకోరు కదా, అచ్చంగా అదే పద్ధతి. 1877లో ఇంకో అడుగు వేసి, సెనెగల్‌లో పరాయి దేశాల గినీ బట్ట మీద అదనపు సుంకం కూడా వేశారు.

ముద్ర వల్ల మేలు జరగలేదని అనలేం. కొలత నిలబడింది, దొంగతూకం తగ్గింది. కాని బట్ట పుట్టే తీరే ఈలోగా మారిపోయింది. 1820ల చివర్లోనే పుదుచ్చేరిలో ఆవిరి యంత్రాల మిల్లు వచ్చింది. తర్వాత సవానా, గేబెలే మిల్లులు, 1898లో ముదలియార్‌పేటలో రోడియర్ మిల్లు నడిచాయి. ఆ రోడియర్ మిల్లే మనందరికీ తెలిసిన ఏ.ఎఫ్.టి. మగ్గం మీద బతికినవాడి కొడుకు మిల్లు కూలీ అయ్యాడు. 1897లో జర్మన్ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయన నీలిమందును బజారుకు తెచ్చింది. మన నీలి తోటలు ఎండిపోయాయి, తొట్టెలు ఖాళీ అయ్యాయి. సెనెగల్‌లో తుమ్మజిగురు కంటే వేరుశనగ ముఖ్యమైంది, తానుల లెక్క పోయి నోట్ల లెక్క వచ్చింది. పుదుచ్చేరి అనే పేరు అలాగే ఉంది. ఆ పేరు వెనకాల ఉన్న వాసన, చేతిపని, ముంచిన లెక్క మాత్రం ఒక్కొక్కటిగా జారిపోయాయి.

ఇంకో లెక్క కూడా చూడాలి. తాను పొడవు ఎంత ఉండాలో 1843లో రాజాజ్ఞ వచ్చింది. నేసినవాడి పని గంటలకు హద్దు రావడానికి మాత్రం 1937 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ ఊరికే రాలేదు. 1936 జూలై 30న సమ్మె చేస్తున్న మిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే పుదుచ్చేరిలో 8 గంటల పనిదినం వచ్చింది. బట్ట మీద ముద్ర కొనేవాడికి హామీ ఇచ్చింది. నేసేవాడికి హామీ ఇవ్వాలని ఆ 93 ఏళ్ళలో ఎవరికీ తోచలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1954 విలీనం తర్వాత కూడా మిల్లుల సైరన్లు ఊరిని లేపుతూనే ఉన్నాయి. తర్వాత నష్టాలు, ప్రభుత్వ స్వాధీనం, 2011 డిసెంబరు చివర్లో థానే తుఫాను దెబ్బ. 2020 ఏప్రిల్ 30తో ఏ.ఎఫ్.టి. అధికారికంగా మూతపడింది.

ఈ కథలో మనలాంటివాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పేరు అనేది వెనకటివాళ్ళు దాచిపెట్టిన జీపీ ఫండు లాంటిది. విత్‌డ్రా చేసుకుంటూ పోతే కొన్నాళ్ళు హాయిగానే ఉంటుంది, జమ చేసేవాడు లేకపోతే ఒకరోజు ఖాతా ఖాళీ అవుతుంది. పుదుచ్చేరి బట్టకు పేరు తెచ్చింది నేతగాడు, రంగు అద్దినవాడు. వాడుకున్నది వర్తకుడు. కాపాడబోయింది ముద్ర వేసిన అధికారి. ఎడారిలో చేత్తో తడిమి చూసిన మనిషిని మాత్రం వీళ్ళెవరూ ఎక్కువ కాలం మభ్యపెట్టలేకపోయారు.

మన పల్టన్ల సంగతీ అంతే. బ్యాడ్జి మీద ఉన్న పేరు పాతవాళ్ళ చెమటతో, రక్తంతో వచ్చింది. కొత్తగా వచ్చిన జవాను ఆ పేరు తగిలించుకోవడం తేలికే. ప్రతి తరమూ మళ్ళీ తొట్టిలో మునిగి లేస్తేనే ఆ రంగు నిలుస్తుంది. ఈసారి పుదుచ్చేరి వెళ్ళే సోదరులు సముద్రపు ఒడ్డు, ఆశ్రమం చూశాక ఒక గంట ముత్తియాల్‌పేట వైపు కూడా నడవండి. ఆ వీధుల్లో పుట్టిన పని ఒకప్పుడు సెనెగల్ నది ఒడ్డున నాణెంగా చెల్లిందని మీ పిల్లలకు చెప్పండి.

జై హింద్!