పాత బెంజ్, నాయన లెక్కల పుస్తకం

ఆదివారం పొద్దున మా గుడి ముందు కార్లు నిలబెట్టించే పని నాది. పసుపు జాకెట్ వేసుకుని, "ఇటు రండి, ఇంకొంచెం వెనక్కి, చాలు" అంటూ చేతులు ఊపుతుంటాను. డర్బన్‌లో మనవాళ్ళ గుడి దగ్గర నిలబడితే జర్మన్ కార్లు చాలా కనబడతాయి. వాటిలో కొత్తవి తక్కువ. ఒకరు కొని, ఇంకొకరు వాడి, మూడో మనిషి చేతికి వచ్చినవే ఎక్కువ.

పోయిన నెల ఒక కుర్రవాడు నన్ను పక్కకు పిలిచాడు. "తాతా, ఒక బెంజ్ చూశాను. పదేళ్ళది. చాలా తక్కువకు ఇస్తానంటున్నారు. కొనమంటారా?" అని అడిగాడు. నేను మెకానిక్‌ను కాను. కానీ మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఒక పాత బెంజ్ ఉంది. వాడికి అక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మీలాగే నేనూ పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నవాణ్ణి. బడి అంతా ఇంగ్లీషులోనే జరిగింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా బండి 1977 మోడల్ 230. తెల్లది. కంపెనీ లెక్కలో ఆ రకానికి పేరు డబ్ల్యు 123. 1976 జనవరిలో జర్మనీలో బయటికి వచ్చింది, 1986 దాకా తయారైంది. మొత్తం దాదాపు 27 లక్షల బళ్ళు చేశారు. మన దేశానికి వచ్చినవాటిని ఈస్ట్ లండన్‌లో బిగించేవారు. ఈస్ట్ లండన్ అంటే ఇంగ్లండులోది కాదు, మన తూర్పు కేప్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి ఫ్యాక్టరీలో 1958 నుంచి మెర్సిడెస్ కార్లు బిగిస్తున్నారు. పెట్టెల్లో ముక్కలుగా వచ్చేవి, ఇక్కడ కారయ్యేవి. 1960ల నుంచి ప్రభుత్వం కొన్ని భాగాలు ఇక్కడే చేయాలని నియమం పెట్టింది. ఎంత చేశారో బరువును బట్టి లెక్కగట్టేవారు. కూరగాయల అంగడిలో తూచినట్టు కారును తూచడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఈ కార్లను కొత్తగా కొన్నది ఎవరు? తెల్లవాళ్ళు, ఆ తరవాత గ్రే స్ట్రీట్‌లో పెద్ద అంగళ్ళున్న మనవాళ్ళు, డాక్టర్లు, లాయర్లు. ఆరేడేళ్ళు వాడాక ఆ కార్లు చాట్స్‌వర్త్ వైపు వచ్చేవి. చాట్స్‌వర్త్ ఎలా పుట్టిందో మీకు తెలుసు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం కింద, 1960లలో, కేటో మానర్ నుంచి, మ్యాగజైన్ బ్యారక్స్ నుంచి మనవాళ్ళను లేపి అక్కడ పెట్టారు. మా ఇల్లు మ్యాగజైన్ బ్యారక్స్ నుంచి వచ్చినదే. నాయనకు పని డర్బన్‌లో, ఇల్లు కొండల మీద. బస్సులో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట.

బయటివాళ్ళు మనల్ని చూసి, "ఇల్లు చిన్నది, కారు పెద్దది" అని ఎగతాళి చేసేవారు. ఈ మాట నాకు నచ్చదు. ఇల్లు ఎక్కడ కొనాలో చట్టం చెప్పేది. కారు ఏది కొనాలో చెప్పలేదు. కూడబెట్టిన డబ్బుతో మంచి వీధిలో ఇల్లు కొనే వీలు లేని మనిషి ఆ డబ్బును చక్రాల మీద పెట్టాడు. కొంత గొప్ప కూడా ఉందనుకోండి. మా నాయన ఆదివారం కారు తుడిచే తీరు చూస్తే మీరూ ఒప్పుకుంటారు.

ఇక మెకానిక్‌లు. పాత బెంజ్ కొనడం ఒక పూట పని, దాన్ని నడిపించడం రోజూ ఉండే పని. 1956 చట్టంలో 77వ సెక్షన్ కింద కొన్ని పనులను జాతిని బట్టి కేటాయించే అధికారం ప్రభుత్వానికి ఉండేది. చట్టం పేరు చెప్పని చోట కూడా మన కుర్రాళ్ళకు అప్రెంటిస్ కాగితాలు దొరకడం కష్టం. మరి మనవాళ్ళు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు? కొందరు ఎం. ఎల్. సుల్తాన్ టెక్నికల్ కాలేజీలో. ఆ సుల్తాన్ కూడా ఒప్పంద కూలీగా వచ్చినవాడే, కేరళ వైపు మనిషి. ఇంకా చాలామంది మన బస్సు యజమానుల షెడ్లలో నేర్చుకున్నారు. డర్బన్‌లో రంగురంగుల బొమ్మలు వేసిన ఆ బస్సులు మీలో కొందరికి గుర్తుండాలి. రాత్రంతా బస్సు ఇంజన్ విప్పి, తెల్లవారేసరికి మళ్ళీ బిగించి రోడ్డు మీద పెట్టినవాడికి బెంజ్ పెద్ద లెక్క కాదు.

మా వీధిలో అలాంటి ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయన్ని బావ అనేవాళ్ళం, ఎవరికి బావో ఎవరికీ తెలియదు. పగలు ఊళ్ళో ఒక గ్యారేజీలో పనిచేసేవాడు. అక్కడ కాగితం మీద ఆయన హెల్పర్. ఇంజన్ సరిచేసేది ఆయన, సంతకం పెట్టేది వేరేవాళ్ళు. సాయంత్రం తన పెరట్లో మామిడిచెట్టు కింద మా అందరి కార్లూ చూసేవాడు. మా 230కి నాలుగు సిలిండర్లు, ఒక స్ట్రోంబర్గ్ కార్బ్యురేటర్. కంప్యూటర్ లేదు. వాల్వుల సందు ఫీలర్ గేజ్‌తో కొలిచి సరిచేయాలి. బావ చెవి పెట్టి విని, ఏ వాల్వు వదులయిందో చెప్పేవాడు. "ఈ బండి దాచదు, వినేవాడు ఉంటే అన్నీ చెబుతుంది" అనేవాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆ కుర్రవాడి కోసం ఇక్కడ రాస్తాను. ఈ రకం కారు కొనేటప్పుడు రంగు చూడకండి, కింద చూడండి. మన సముద్రపు గాలికి జాకీ పెట్టే చోట్లు, చక్రాల పైన వంపులు, బ్యాటరీ కింది పళ్ళెం, స్పేర్ చక్రం గుంట, అన్నీ తుప్పు పడతాయి. కిలోమీటర్ల మీటరును నమ్మకండి. దానిలోని చిన్న పళ్ళచక్రం జారిపోయి అంకెలు ఆగిపోతాయి, ఎవరూ మోసం చేయనక్కర్లేదు. తలుపుల తాళాలన్నీ ఒకేసారి పడే ఏర్పాటు ఉంటే అది గాలి గొట్టాలతో పనిచేస్తుంది. ఒక గొట్టం చీలితే ఒక తలుపు మొండికేస్తుంది. చివరగా ఆయిల్ మూత తీసి లోపల చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయని అర్థం.

ఆ మజ్జిగ దగ్గరే మా ఇంటి గొడవ మొదలైంది.

1984లో నాయన ఈ కారును తన పినతండ్రి కొడుకు దగ్గర కొన్నాడు. నాకు ఆయన చిన్నాయన. కాగితం మీద ఒకే మాట రాసుకున్నారు: ఫుట్‌స్టూట్స్. ఇది డచ్చి భాష నుంచి వచ్చిన న్యాయశాస్త్రపు మాట, కాలితో తన్నడం అన్న అర్థంలో పుట్టింది. ఎలా ఉన్నది అలా తీసుకో, తరవాత నన్ను అడగకు అని దాని భావం. తెలుగులో పూచీ అనే మంచి మాట ఉంది కదా, దానికి ఇది సరిగ్గా ఎదురు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. అమ్మేవాడికి లోపం ముందే తెలిసి, మోసం చేయడానికి దాచాడని రుజువైతే ఈ మాట అతన్ని కాపాడదు.

కొన్న మూడో వారం పీటర్‌మారిట్స్‌బర్గ్ దారిలో ఎత్తు ఎక్కుతుండగా వెనక నుంచి తెల్లటి పొగ వచ్చింది. బావ మూత తీశాడు. లోపల మజ్జిగ. అమ్మ మండిపడింది. "సొంత తమ్ముడిలాంటివాడు ముంచాడు, లాయరు దగ్గరికి వెళ్ళండి" అంది. నాయన వెళ్ళలేదు. ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మేమంతా మంచితనం అనుకున్నాం. చిన్నాయన ఇంటికి రాకపోకలు ఆగిపోయాయి. 1986లో మా అక్క పెళ్ళికి వాళ్ళను పిలవలేదు. 1998లో నాయన పోయినప్పుడు చిన్నాయన వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఇంత గొడవ జరిగినా ఆ కారును ఎందుకు అమ్మలేదని మీరు అడగవచ్చు. 1985 ఆగస్టు 15న మన డర్బన్ సిటీ హాల్‌లోనే పి. డబ్ల్యు. బోతా ఉపన్యాసం ఇచ్చాడు. పెద్ద మార్పులు ప్రకటిస్తాడని ప్రపంచమంతా చూసింది, ఏమీ ప్రకటించలేదు. రాండ్ కుప్పకూలింది. 1980లో ఒక రాండ్‌కు ఒక డాలరు కంటే ఎక్కువ వచ్చేది. ఆ ఆగస్టు చివరికి నలభై సెంట్లు కూడా రాలేదు. జర్మనీ నుంచి ముక్కలు తెచ్చి బిగించే కారు ధర ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పైగా ఇతర దేశాల పాత కార్లను తెచ్చి ఇక్కడ అమ్మే వీలు లేదు. ఈ రోజుకీ అంతే: జపాన్ పాత కార్లు మన రేవులోనే దిగుతాయి, మన కళ్ళ ముందే జాంబియాకో జింబాబ్వేకో వెళ్ళిపోతాయి. కాబట్టి ఉన్న పాత బండినే మరమ్మతు చేసుకోవాలి. బావ హెడ్డు విప్పి, చదును చేయించి, కొత్త గాస్కెట్ వేశాడు. బండి నడిచింది.

ఈ కార్లు చేసిన చేతుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1990 ఫిబ్రవరిలో మండేలా విడుదలయ్యాక, ఈస్ట్ లండన్ ఫ్యాక్టరీ కార్మికులు ఆయనకు ఒక కారు చేసి ఇవ్వాలనుకున్నారు. విడి భాగాలు కంపెనీ ఇచ్చింది, చాకిరీ కార్మికులు ఇచ్చారు, జీతం తీసుకోకుండా. ఎర్రటి 500 ఎస్ఈ. జులై 22న మడన్‌ట్సానేలోని సీసా డుకాషే స్టేడియానికి ఫిలిప్ గ్రూమ్ అనే కార్మికుడు దాన్ని నడుపుకుంటూ తెచ్చాడు. ఇప్పుడది జొహానెస్‌బర్గ్‌లో అపార్థైడ్ మ్యూజియంలో ఉంది. నేను వెళ్ళి చూశాను. జనం ఫొటోలు తీసుకుంటుంటే నేను తలుపుల అతుకుల మధ్య సందు చూస్తూ నిలబడ్డాను. మా బండి కూడా అదే ఊళ్ళో, బహుశా అలాంటి చేతుల్లోనే పుట్టింది. దాన్ని బిగించినవాళ్ళలో ఎక్కువమందికి అలాంటిది కొనే స్తోమత లేదు.

1990ల తరవాత కథ మారింది. ఆ దశాబ్దం మొదటి సగంలో వచ్చిన కొన్ని బెంజ్‌లలో ఇంజన్ వైర్ల పై తొడుగు వేడికి పొడిపొడిగా రాలిపోయేది. 1998లో వచ్చిన పెద్ద ఎస్-క్లాస్‌లో ఉక్కు స్ప్రింగుల బదులు గాలి సంచులు పెట్టారు. అవి కారితే పొద్దున్నే కారు ఒంటెలా మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. బావ అలాంటి కారు ముందు నిలబడి, "ఇది నాతో మాట్లాడటం లేదు" అన్నాడు. అది ఆయన నోట నేను విన్న బాధాకరమైన మాట.

చట్టాలు మాత్రం మెరుగయ్యాయి. 2011 మార్చి 31 నుంచి అమలైన వినియోగదారుల రక్షణ చట్టం కింద, వ్యాపారి అమ్మిన పాత కారుకు కూడా ఆరు నెలల పూచీ ఉంది. ఫుట్‌స్టూట్స్ అని రాసి వ్యాపారి తప్పించుకోలేడు. ఇంటి మనిషి అమ్మితే మాత్రం పాత పద్ధతే. 2021 జులై 1 నుంచి, కంపెనీ వారంటీ ఉన్న కారును కూడా బయటి మెకానిక్ దగ్గర సర్వీసు చేయించుకోవచ్చని కాంపిటీషన్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. కనుక బాబూ, ఆ పదేళ్ళ బెంజ్‌ను వ్యాపారి దగ్గరే కొను. ఎంతకు కొన్నావో, అందులో మూడో వంతు మరమ్మతుకు పక్కన పెట్టుకో. అంత డబ్బు పక్కన పెట్టలేకపోతే టొయోటా కొను, నేను నిన్ను చిన్నచూపు చూడను.

ఇప్పుడు ఆ లెక్కల పుస్తకం. నాయన ఈ కారుకు పెట్టిన ప్రతి ఖర్చూ ఒక నల్ల అట్ట పుస్తకంలో రాసేవాడు. సాయంత్రపు పాఠశాలలో చదువుకున్నాడు కనుక తెలుగులో రాసేవాడు. మాకెవరికీ చదవడం రాదు. గ్లవ్ బాక్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పడి ఉంది. 2018లో నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాక ఒకరోజు తీశాను. మొదటి పేజీ చదవడానికి ఒక సాయంత్రం పట్టింది. ప, హ నాకు ఇప్పటికీ ఒకలాగే కనబడతాయి. "పెడ్" అని చదివి, అదేమిటో తెలియక చాలాసేపు కూర్చున్నాను. అది హెడ్.

ఆ పేజీలో ఇలా ఉంది: "హెడ్ గాస్కెట్ పోయింది. తమ్ముడు ముందే చెప్పాడు. 900 రాండ్లు తగ్గించాడు. ఇంట్లో చెప్పలేదు."

అమ్మ అప్పుడు ఇంటికి ఇంకో గది వేయమని అడుగుతోంది. పాడైన బండిని తెలిసి కొన్నానని ఆమెతో ఎలా చెబుతాడు? బావ బాగుచేస్తాడులే, ఎవరికీ తెలియదులే అనుకున్నాడేమో. పీటర్‌మారిట్స్‌బర్గ్ దారిలో బయటపడ్డాక ఇక నోరు విప్పలేదు. ఇది నా ఊహ. పుస్తకంలో అంతకంటే ఏమీ లేదు. ఆ తరవాత పేజీలన్నీ ఆయిలూ ప్లగ్గులూ.

ఆ పేజీ చదివేనాటికి చిన్నాయన లేడు, 2003లోనే పోయాడు. అమ్మా లేదు. చిన్నమ్మ ఉంది, ఫీనిక్స్‌లో కూతురి దగ్గర. అయినా వెళ్ళడానికి నాకు ఇంకా ఏడాది పట్టింది. పుస్తకం తీసుకుని, ఆ కారులోనే వెళ్ళాను. పేజీ తెరిచి చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకుంది. "ఆయనకు తెలుసు, మీ నాయనకు తెలుసు. మీరే అడగలేదు" అంది. నేను క్షమాపణ చెప్పబోయాను, నేర్చుకున్న తెలుగంతా పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "అదేనా బండి? ఇంకా నడుస్తోందా?" అని అడిగింది.

అప్పటి నుంచి నెలకొకసారి ఆమెను గుడికి తీసుకొస్తున్నాను. వెనక సీటులో ఎడమ పక్క కూర్చుంటుంది. ఆ తలుపు తాళం ఒక్కటీ ఇంకా పడటం లేదు. గాలి గొట్టం ఎక్కడో చీలింది, ఈ శనివారం లోపలి అట్ట ఊడదీసి చూడాలి.