రప్పించే ఉత్తరం, తెలియజెప్పే ఉత్తరం: ఇంగ్లండ్ రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌పై ఒక పరిశీలన

జబ్బు చేసిన మనిషి వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్తుంది. స్క్రీనింగ్‌లో మాత్రం ఏ లక్షణమూ లేని స్త్రీని వైద్య వ్యవస్థే పిలుస్తుంది. పిలిచేవారే ముందు మాట్లాడుతున్నారు కనుక ఆ మాటకు బాధ్యత ఎక్కువ. ఫారెస్ట్ నివేదిక (1986) సిఫారసుతో 1988లో ఇంగ్లండ్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం 50 ఏళ్ల నుంచి 71వ పుట్టినరోజు దాకా మూడేళ్లకోసారి మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రే పరీక్షకు) ఆహ్వానిస్తుంది. ఫోన్ సందేశాలు తోడైనా, ఆ పిలుపు చిరకాలంగా ఇంటికొచ్చే ఉత్తరమే. అది స్త్రీని పరీక్షకు రప్పించాలి. రావాలో వద్దో ఆమె నిర్ణయించుకోవడానికి కావలసినంత చెప్పాలి కూడా. ఈ రెండు పనులూ ఎలా సాగుతున్నాయన్నదే ఈ వ్యాస విషయం.

తేదీ, వేళ

మొదటిసారి రానివారికి రెండో ఉత్తరం ఎలా ఉండాలో తేల్చడానికి ఇంగ్లండ్‌లో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2017లో 'లాన్సెట్ ఆంకాలజీ'లో వెలువడ్డాయి. కొందరికి తేదీ, వేళ ఖాయం చేసి రాశారు. మిగిలినవారికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోమని రాశారు. వచ్చినవారు మొదటి వర్గంలో 22 శాతం, రెండో వర్గంలో 12 శాతం. రానివారందరూ పరీక్ష వద్దనుకున్నవారు కారని దీన్నిబట్టి తెలుస్తుంది. ఫోన్ చేయాల్సి రావడమే కొందరికి అడ్డంకి అయింది.

చిన్న వివరాలూ ఇలాగే అక్కరకొస్తాయి. నడుము పైభాగం బట్టలు తీయాలి కనుక రెండు భాగాల దుస్తులు వేసుకోమని, ఆ రోజు పౌడరు, డియోడరెంట్ వాడవద్దని ముందే చెబితే పరీక్ష గదిలో తడబాటు తగ్గుతుంది.

మేలు, కీడు

ప్రజారోగ్య నిపుణుడు మార్మట్ అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర కమిటీ ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని 2012లో నిర్ధారించింది. అయితే తప్పే ఒక్కో మరణానికి సుమారు ముగ్గురు స్త్రీలు, జీవితకాలంలో ఏ హానీ చేయని క్యాన్సర్‌కు చికిత్స పొందుతారని అంచనా వేసింది. ఆ తర్వాత ఆహ్వానంతో వెళ్లే కరపత్రాన్ని తిరగరాశారు. మేలుతోపాటు ఈ అనవసర చికిత్స సంగతీ అందులో అంకెలతో చేరింది. ఇది సరైన మార్పు. మేలు మాత్రమే చెప్పి తీసుకున్న సమ్మతి పూర్తి సమ్మతి కాదు.

మళ్లీ రమ్మనే ఉత్తరం

అన్నిటికన్నా బరువైనది మరిన్ని పరీక్షలకు రమ్మనే ఉత్తరం. అందుకున్న స్త్రీ క్యాన్సరేనని అనుకుంటుంది. కానీ పరీక్ష చేయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు నలుగురికి ఈ పిలుపు వస్తుంది. ఆ నలుగురిలో క్యాన్సర్ బయటపడేది ఒకరికే. ఈ మాట ఎప్పుడో చదివిన కరపత్రంలో ఉంటే చాలదు. మళ్లీ రమ్మన్న ఉత్తరంలోనే, మొదటి పేరాలోనే ఉండాలి. ఏ పరీక్షలు చేస్తారో, వెంట ఒకరిని తీసుకురావచ్చో లేదో, సందేహం వస్తే ఎవరితో మాట్లాడాలో అక్కడే చెప్పాలి.

ముగింపు

తెలుగు రాష్ట్రాల్లో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష సంగతి చెప్పేది ఉత్తరం కాదు, ఇంటికొచ్చే ఆశా కార్యకర్త. దారి వేరైనా చెప్పాల్సినవి అవే: ఎప్పుడు, ఎక్కడికి రావాలి; మేలేమిటి, కీడేమిటి; అనుమానం తేలితే తర్వాత ఏం జరుగుతుంది. వచ్చినవారి సంఖ్య ఒక్కటే చూసి ఏ కార్యక్రమం సఫలమైందనీ చెప్పలేం. వచ్చిన స్త్రీ తెలిసి వచ్చిందా, రాని స్త్రీ తెలిసే మానుకుందా అన్నది కూడా లెక్కలోకి రావాలి.