దారితప్పిన పిట్ట, నమ్మదగిన సాక్ష్యం: ఉత్తర సముద్ర ద్వీపాల పక్షి పరిశీలన చరిత్ర

సైబీరియా అడవుల్లో పుట్టి, శరదృతువులో దక్షిణాసియా వైపు ఎగరవలసిన చిన్న పిట్టల్లో కొన్ని ఏటా పడమటి దిక్కుకు మళ్లి, వేల కిలోమీటర్లు దాటి, ఐరోపా అంచున ఉన్న ద్వీపాల మీద వాలుతాయి. తన జాతి సహజంగా నివసించే, వలస వెళ్లే ప్రాంతాలకు బయట ఇలా కనిపించే పక్షిని శాస్త్రజ్ఞులు ‘వేగ్రంట్’, అంటే దారితప్పిన పక్షి, అంటారు. విశాలమైన భూభాగం మీద ఇటువంటి పిట్ట వాలితే ఏ తోటలోనో కలిసిపోయి ఎవరి కంటా పడదు. చెట్లు లేని చిన్న ద్వీపంలోనైతే రాతిగోడ నీడ, కాస్త పంటచేను తప్ప దానికి దాగే చోటు ఉండదు. కనుక ద్వీపంలో పిట్టను చూడడం కంటే, చూసినదాన్ని చూడనివారు నమ్మేటట్లు నిరూపించడమే కష్టమైంది. ఆ నిరూపణ పద్ధతులు మారుతూ వచ్చిన క్రమమే చాలావరకు ఈ పరిశీలన చరిత్ర.

ఈ చరిత్రకు మొదటి కేంద్రం జర్మనీ తీరానికి దూరంగా ఉత్తర సముద్రంలో నిలిచిన ఎర్రరాతి ద్వీపం హెలిగోలాండ్. 1807లో బ్రిటిష్ వారి వశమై 1890లో జర్మనీకి దక్కిన ఈ ద్వీపంలో, వలస కాలంలో గుంపులుగా దిగే త్రష్ పక్షులను పొదలు నాటి, వలలు అమర్చి పట్టి తినడం స్థానికుల పాత అలవాటు. 1837లో చిత్రకారుడిగా అక్కడికి వచ్చి, తరువాత ద్వీప ప్రభుత్వ కార్యదర్శి అయిన హైన్రిష్ గేట్కే, ఆ వేటగాళ్ల చురుకైన కళ్లనే తన పరిశోధనకు ఆధారం చేసుకుని, వారు తెచ్చే వింత పక్షులను యాభై ఏళ్లకు పైగా సేకరించాడు. 1891లో వెలువడిన అతని గ్రంథం, అంత చిన్న ద్వీపంలో నాలుగు వందలకు దగ్గరగా పక్షి జాతులు కనిపించాయని చూపి ఐరోపా పండితులను ఆశ్చర్యపరిచింది. అయితే నీలికంఠం పిట్టలు ఈజిప్టు నుంచి హెలిగోలాండ్‌కు ఒక్క రాత్రిలో ఎగిరి వస్తాయన్న అతని నిర్ణయం పొరపాటని తరువాత తేలింది. ఒక్క చోట నిలబడి చూసేవాడికి పక్షి రాక తెలుస్తుందే కాని అది వచ్చిన దారి తెలియదన్న పరిమితిని ఆ పొరపాటే స్పష్టం చేసింది.

ఆ పరిమితిని దాటాలంటే ఒకే కాలంలో అనేక చోట్ల చూడాలి. ఈ ఆలోచనతోనే బ్రిటన్‌లో జాన్ హార్వీ బ్రౌన్, జాన్ కార్డో దీపస్తంభాల కాపలాదారులకు నమూనా పత్రాలు పంపి, పొగమంచు రాత్రుల్లో దీపకాంతికి ఆకర్షితమై వచ్చి గాజుకు కొట్టుకునే పక్షుల వివరాలు రాయించడం ఆరంభించగా, 1880లో బ్రిటిష్ అసోసియేషన్ ఇందుకు ఒక సంఘాన్ని నియమించింది. అలా చేరిన సమాచారాన్ని క్రోడీకరించిన విలియం ఈగిల్ క్లార్క్, 1901లో ఎడిస్టోన్ దీపస్తంభంలో నెల రోజులు స్వయంగా గడిపి, 1905లో ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల నడుమ ఒంటరిగా ఉన్న ఫెయిర్ ఐల్ ద్వీపానికి చేరాడు. అక్కడ కూడా అతనికి అండగా నిలిచినవారు స్థానికులే. జార్జ్ స్టౌట్ అనే ద్వీపవాసి పక్షులను గుర్తించడంలోను, వాటి చర్మాలను భద్రపరచడంలోను నేర్పు సంపాదించి, క్లార్క్ లేని నెలల్లో పరిశీలనను కొనసాగించాడు.

ఆ కాలంలో అరుదైన పక్షికి సాక్ష్యం తుపాకీయే; చంపి, చర్మం ఒలిచి మ్యూజియంకు పంపితే తప్ప ఎవరి మాటా చెల్లేది కాదు. 1910 సెప్టెంబరులో ఫెయిర్ ఐల్‌లో దొరికిన బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అలాగే బ్రిటన్ జాబితాకెక్కింది. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం పర్యవేక్షకుడు ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో శాస్త్రీయ నామం ఇచ్చిన ఈ మట్టిరంగు పిట్ట, ఏటా చలికాలమంతా తెలుగునాట కంపల్లోను, పెరటి పొదల్లోను తిరిగే మామూలు అతిథి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఎవరూ తలెత్తి చూడని పిట్ట షెట్లాండ్ సమీపంలో మ్యూజియం వస్తువు కావడాన్ని బట్టి, అరుదుతనం పక్షి గుణం కాదని, అది కనిపించిన చోటును బట్టి వచ్చే విలువ మాత్రమేనని తెలుస్తుంది.

తుపాకీకి ప్రత్యామ్నాయం లోహపు రింగు రూపంలో వచ్చింది. డెన్మార్క్‌లో హాన్స్ మోర్టెన్సెన్ 1899లో పక్షుల కాళ్లకు సంఖ్యలున్న అల్యూమినియం రింగులు తొడిగి వదలగా, 1909లో బ్రిటన్‌లోనూ ఈ పని మొదలైంది. హెలిగోలాండ్‌లో హ్యూగో వైగోల్డ్ పాత త్రష్ ఉచ్చును మార్చి, పొదల మీద వెడల్పైన నోటితో మొదలై క్రమంగా ఇరుకై పెట్టెలో ముగిసే పెద్ద జాలీ గూడును రూపొందించాడు. ‘హెలిగోలాండ్ ట్రాప్’ పేరుతో అది ఇతర దేశాలకు వ్యాపించింది. తిండి కోసం పుట్టిన ఉచ్చు ఈ విధంగా పక్షిని ప్రాణాలతో చేతికి అందించి, కొలతలు తీసుకుని వదిలే సాధనమైంది. రెక్క ఈకల పొడవుల తేడాలను బట్టి తప్ప గుర్తించడం కష్టమైన వార్బ్లర్ల విషయంలో ఈ మార్పు ఎంతో కీలకమైంది.

1933లో రొనాల్డ్ లాక్లీ వేల్స్ తీరంలోని స్కోఖోమ్ ద్వీపంలో బ్రిటన్ మొదటి పక్షి పరిశీలన కేంద్రాన్ని స్థాపించాడు. ఫెయిర్ ఐల్‌లోనూ అటువంటి కేంద్రం వెలియాలన్న పథకం, 1941లో క్రీట్‌లో పట్టుబడిన జార్జ్ వాటర్‌స్టన్ జర్మన్ యుద్ధఖైదీల శిబిరంలో తోటి ఖైదీ ఇయాన్ పిట్‌మన్‌తో కలిసి రూపొందించినది. యుద్ధానంతరం 1947లో అతడు ఆ ద్వీపాన్నే కొని, మరుసటి ఏడు నౌకాదళం విడిచివెళ్లిన గుడిసెల్లో కేంద్రాన్ని తెరిచాడు. 1954లో ద్వీపం స్కాట్లాండ్ నేషనల్ ట్రస్టు చేతికి వెళ్లింది.

బైనాక్యులర్, నోటుపుస్తకం తుపాకీ స్థానంలోకి వచ్చాక నమ్మకం సమస్య కొత్త రూపం దాల్చింది. 1959లో ఏర్పడిన బ్రిటిష్ బర్డ్స్ పత్రిక అరుదైన పక్షుల సంఘం, పరిశీలకులు పంపిన వర్ణనలను నిపుణులచేత పరీక్షింపజేసి అంగీకరించడమో తిరస్కరించడమో చేసేది. 1962లో ఆ పత్రికే, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో దక్షిణ ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ ప్రాంతం నుంచి వచ్చిన అనేక అరుదైన పక్షుల నమూనాలు విశ్వసించదగినవి కావని గణాంకాల ఆధారంగా ప్రకటించింది. చచ్చిన పక్షి కూడా అబద్ధం చెప్పగలదని, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట దొరికిందో తెలియని చర్మం కంటే జాగ్రత్తగా రాసిన వర్ణనే మేలని దానితో రుజువైంది.

ఇంతకూ ఈ పక్షులు దారి ఎందుకు తప్పుతాయి? 1907 నుంచి స్కాట్లాండ్ తూర్పు తీరాన ఉన్న మే ద్వీపంలో పక్షులను పరిశీలించిన ఈవెలిన్ బాక్స్టర్, లియొనోరా రింటౌల్ అనే ఇద్దరు మహిళలు గాలి ప్రభావాన్ని ముందుకు తెచ్చారు. ఫెయిర్ ఐల్ కేంద్రం మొదటి పర్యవేక్షకుడు కెన్నెత్ విలియమ్సన్ వాతావరణ పటాల సాయంతో ఆ వాదాన్ని విస్తరించి, తూర్పుగాలులు సముద్రం మీద పక్షులను పక్కకు నెట్టుకొస్తాయని వివరించాడు. అనుభవంలేని తొలియేటి పిట్టల్లో పుట్టుకతో వచ్చిన దిశాజ్ఞానమే తారుమారై ఉంటుందన్నది మరో వాదన. ఈ రెండింటికీ లొంగని ఆధారం సైబీరియాకు చెందిన రిచర్డ్స్ పిపిట్ విషయంలో దొరికింది: గేట్కే కాలం నుంచే హెలిగోలాండ్‌లో శరదృతువులో మళ్లీ మళ్లీ కనిపిస్తూ వచ్చిన ఈ పిట్టలు దక్షిణ ఫ్రాన్స్‌లో చలికాలం గడుపుతున్నాయని, వేసవికి సైబీరియా చేరి మళ్లీ ఫ్రాన్స్‌కే వస్తున్నాయని, వాటికి అమర్చిన చిన్న పరికరాల ద్వారా 2021లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. భారతదేశానికి చలికాలపు అతిథి అయిన జాతిలో ఒక భాగం పడమటికి కొత్త వలస మార్గాన్ని నెలకొల్పుకుంటున్నదంటే, ద్వీపాల వారు తరతరాలుగా రాసిపెట్టిన వాటిలో కొన్నింటిని పొరపాట్ల జాబితాగా కాక, రూపుదిద్దుకుంటున్న ఒక అలవాటుకు తొలి సాక్ష్యాలుగా తిరిగి చదవవలసి ఉంటుంది.