ళకారం చోటు ఎక్కడ?

ఒంగోలులో ఈ మధ్య నా పదాల పట్టికను పైథాన్‌తో అకారాదిగా పేర్చబోయాను. 'కల, కవి, కళ' రావలసినచోట 'కల, కళ, కవి' వచ్చింది.

కారణం పాతదే. 1988 నాటి ఇస్కీ భారతీయ లిపులను ఒకే వరుసలో అమర్చి, రకారం వెంట ఱకారాన్నీ, లకారం వెంట ళకారాన్నీ నిలిపింది. 1991లో వెలువడిన యూనికోడ్ ఆ వరుసనే స్వీకరించింది. పైథాన్ పోల్చేది ఆ సంకేతసంఖ్యలనే.

నిలువు గడులూ చెదిరాయి. 'ఒంగోలు' మనకు మూడక్షరాలు; యంత్రం లెక్కలో ఆరు సంకేతాలు!

హకారం తరువాతనే ళకారమని బడిలో వల్లెవేయించినవాణ్ణి. ఆ క్రమాన్ని విడిగా రాసియిచ్చాకే పట్టిక కుదిరింది. నిఘంటువులు కూర్చే మిత్రులారా, వర్ణక్రమం యంత్రానికి మనమే నేర్పాలి. లేకుంటే 'కళ'ను వెదికే విద్యార్థికి అది దొరకదు.